విదేశీ చదువు: హాస్టల్ మనకు నేర్పింది, నేర్పనిది



పోస్టు కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదవండి. విదేశాల్లో చదువు గురించి మన పిల్లలు ఈ మధ్య బాగా అడుగుతున్నారు. "స్కాలర్‌షిప్ వస్తుందా, ఎంత వస్తుంది" అనేదే అందరి మొదటి ప్రశ్న. దాని గురించి కింద రాశాం. దానికంటే ముందు మాట్లాడుకోవాల్సింది ఇంకోటి ఉంది. డబ్బు వచ్చి, విమానం ఎక్కి, అక్కడ దిగాక మనం నిలబడగలమా? చిన్నప్పటి నుంచి ఇంటర్నేషనల్ స్కూళ్ళలో చదివి వచ్చిన పిల్లల పక్కన కూర్చుని చదవగలమా? ఏడాదిగా మా గదిలో ఇదే చర్చ.

మేమంటే నలుగురం. చల్లపల్లి హాస్టల్‌లో ఒకే గది. నలుగురం యానాదులమే, అందరం డిగ్రీ మూడో సంవత్సరం. ఒకళ్ళది నాగాయలంక వైపు, ఒకళ్ళది కోడూరు, ఇద్దరిది ఘంటసాల మండలం. ఇద్దరి నాన్నలు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటారు. ఒకరు పీతలు పడతారు. ఇంకొకరు వరి చేలల్లో బుట్టలు పెట్టి ఎలకలు పడతారు. మా ఇళ్ళల్లో కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. రాస్తున్నది ఒకరే అయినా మాటలు నలుగురివీ, అందుకే 'మేము' అని రాస్తున్నాం.

మాకు ఈ సంగతులు చెప్పింది మా సీనియర్ అక్క. మా కులమే, మా హాస్టల్లోనే ఉండి చదువుకుంది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ప్రజారోగ్యంలో మాస్టర్స్ చేస్తోంది. ఆదివారం రాత్రి 9 గంటలకు ఫోన్ చేస్తుంది. అప్పుడు అక్కడ మధ్యాహ్నం మూడున్నర. డిసెంబర్‌లో అయితే మాతో మాట్లాడుతుండగానే అక్కడ చీకటి పడిపోయేది. "అదిగో, పొద్దుగూకిందే" అనేది. నాలుక్కే పొద్దుగూకడమేంటని మేం నవ్వేవాళ్ళం. మొదట్లో ఆ చీకటికి తనకు ఏడుపొచ్చేదని చాలా నెలల తర్వాత గానీ చెప్పలేదు.

అక్క ఉండేది ఒక పాత ఇంట్లో. ఐదుగురు అమ్మాయిలు, ఒకటే వంటిల్లు, రెండు బాత్రూములు. అందులో ఇంకో తెలుగమ్మాయి ఉంది. హైదరాబాద్‌లో ఇంటర్నేషనల్ స్కూల్లో పన్నెండు దాకా చదివి, డిగ్రీకే అక్కడికి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు. అక్క చెప్పిన కబుర్లలో సగం ఈ పిల్ల గురించే. ఒకే ఇంట్లో, ఒకే యూనివర్సిటీలో ఇద్దరు తెలుగువాళ్ళు. ఒకరు ఇంటర్నేషనల్ స్కూల్ నుంచి, ఒకరు మన హాస్టల్ నుంచి. ఎవరికి ఏది కష్టమైందో వింటుంటే మాకు చాలా సంగతులు అర్థమయ్యాయి.

ముందు ఇంటర్నేషనల్ స్కూల్ అంటే ఏంటో చెప్పుకోవాలి. విజయవాడలో ప్రతి వీధిలో ఆ బోర్డు కనిపిస్తుంది. బోర్డు మీద పేరే తప్ప లోపల చెప్పేది మామూలు సిలబసే అయిన చోట్లు చాలా ఉన్నాయి. అసలైన వాటిలో ఐబీ అనో, కేంబ్రిడ్జ్ అనో సిలబస్ ఉంటుంది. ఫీజు ఏడాదికి లక్షల్లో. ఐబీ 1968లో జెనీవాలో మొదలైంది. ఎందుకు మొదలైందో తెలిసినప్పుడు మాకు భలే అనిపించింది. రాయబార కార్యాలయాల్లో, అంతర్జాతీయ సంస్థల్లో పనిచేసేవాళ్ళు రెండేళ్ళకో మూడేళ్ళకో దేశం మారతారు. వాళ్ళ పిల్లల చదువు మధ్యలో తెగిపోకూడదని, ఏ దేశం వెళ్ళినా అదే చదువు కొనసాగేలా, ఏ యూనివర్సిటీ అయినా ఒప్పుకునేలా దాన్ని తయారుచేశారు.

మన అమ్మానాన్నలు కూడా పని కోసం ఊళ్ళు మారేవాళ్ళే. చెరువు ఎక్కడుంటే గుడిసె అక్కడ. కోతలు ఎక్కడుంటే అక్కడ. ఆ పిల్లల చదువు తెగిపోకుండా ఒక కొత్త సిలబస్సే పుట్టింది. మన పిల్లల చదువు తెగితే మాత్రం 'డ్రాపౌట్' అని రిజిస్టర్‌లో రాసి ఊరుకున్నారు. వలస వెళ్ళేవాళ్ళ పిల్లలకు సీజనల్ హాస్టళ్ళని తర్వాత వచ్చాయి, కాదనం. కానీ రెండింటికీ తేడా చూడండి.

2024 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం ఐబీని సర్కారు బడుల్లోకి తెస్తామని ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాదే ప్రభుత్వం మారింది, అది ముందుకు సాగలేదు. తెలంగాణలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో ఒకటో తరగతికి ఎస్టీ పిల్లలను లాటరీ తీసి చేర్చుకుంటారు. సత్య నాదెళ్ల చదివిన స్కూలు అది. లాటరీలో పేరు వచ్చిన పిల్లలకు మంచిదే. పేరు రాని మిగతా అందరికీ హాస్టలే దిక్కు. కాబట్టి హాస్టల్ గురించే మాట్లాడుకుందాం.

అక్క చెప్పిన మొదటి సంగతి: ఇల్లు వదిలి ఉండటం తనకు కొత్త కాలేదు. ఆరో తరగతిలో ట్రంకు పెట్టె, పళ్ళెం, గ్లాసు పట్టుకుని హాస్టల్‌కి వచ్చిన రోజే ఆ ఏడుపు ఏడ్చేసింది. బాత్రూమ్ దగ్గర వరస, ఒకరి సబ్బు ఒకరు వాడటం, పక్క మంచం పిల్ల గురక, రోజూ ఒకటే కూర... ఇవేవీ తనను కదిలించలేదు. కానీ ఆ హైదరాబాద్ పిల్ల మొదటి నెల నలిగిపోయింది. బాత్రూమ్ కడగటం రాదు. బట్టలు అన్నీ కలిపి మిషన్‌లో వేసి తెల్ల చొక్కాలు గులాబీ చేసుకుంది. వంతు ప్రకారం చెత్త బయట పెట్టాలంటే మర్చిపోయేది. అక్క పక్కన నిలబడి అన్నీ నేర్పింది.

చలి గురించి, ఒంటరితనం గురించి కూడా అక్కే ఆ పిల్లకు ధైర్యం చెప్పాల్సి వచ్చింది. స్కూల్లో తరగతికి ఇరవై మంది, ప్రతి టీచరుకూ తన పేరు తెలుసు. ఇక్కడ లెక్చర్ హాల్లో మూడొందల మంది, వచ్చావా రాలేదా అని అడిగే నాథుడు లేడు. ఇంగ్లీషు వచ్చు, అన్నీ వచ్చు, అయినా తనెవరో ఎవరికీ పట్టదు. మనకు ఆ బాధ తెలియదు. మనం ఎవరమో ఎవరికీ పట్టకపోవడం చిన్నప్పటి నుంచి అలవాటే కదా.

మార్కుల విషయం వింటే మీకు నవ్వొస్తుంది. అక్కడ 70 దాటితే ఫస్ట్ క్లాస్. 60లు వస్తే చాలా మంచి మార్కులు. మొదటి అసైన్‌మెంట్‌కు ఆ పిల్లకు 58 వచ్చింది. స్కూల్లో ఎప్పుడూ తొంభైలే కదా, గది తలుపేసుకుని ఒక పూట అంతా ఏడ్చింది. అక్కకు 54 వచ్చింది. మాస్టర్స్‌లో పాస్ మార్కు 50. ఇంటర్‌లో 35 వస్తే గండం గట్టెక్కామనుకునే వాళ్ళం మనం. అక్క ఇంట్లో అందరికీ చాక్లెట్లు పంచింది.

ఇంతవరకు విని మేము 'అయితే మనమే గొప్ప' అనుకున్నాం. అక్క మమ్మల్ని ఆపింది. "ఆగండే, అసలు కష్టం చెప్పలా ఇంకా" అంది.

అక్కడ చదువు సగం లెక్చర్, సగం సెమినార్. సెమినార్ అంటే పదిహేను మంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ముందుగా చదవాల్సినవి ఇస్తారు. చదువుకొచ్చి మాట్లాడాలి. సారు చెప్పింది తప్పు అనిపిస్తే తప్పు అనొచ్చు. సారును 'సర్' అనక్కర్లేదు, పేరు పెట్టి పిలవాలట. ఆ పేరు పలకడానికే అక్కకు నోరు రాలేదు. ఐదు వారాలు ఒక్క మాట మాట్లాడలేదు. ప్రతి సెమినార్‌కూ ముందే వెళ్ళి, చివర కుర్చీలో కూర్చుని, అన్నీ రాసుకుని వచ్చేసేది. చదవకపోవడం వల్ల కాదు. అందరికంటే ఎక్కువ చదివింది, డిక్షనరీ పెట్టుకుని రెండేసి సార్లు చదివింది.

ఆరో వారం టీచరు దగ్గర నుంచి మెయిల్ వచ్చింది, ఒకసారి వచ్చి కలవమని. అక్క వణికిపోయింది. పైకి రిపోర్ట్ చేశారు, స్కాలర్‌షిప్ తీసేస్తారు అనుకుంది. హాస్టల్లో పెద్దవాళ్ళు గదికి పిలిచారంటే తిట్లే కదా మనకు తెలిసింది. వెళ్తే ఆవిడ టీ ఇచ్చి, "నువ్వు బాగానే ఉన్నావా? ఏమీ మాట్లాడటం లేదు, ఏదైనా ఇబ్బందా?" అని అడిగింది. అంతే. వారంలో రెండు గంటలు ఎవరైనా వచ్చి ఏదైనా అడగడానికే టీచర్లు గదిలో కూర్చుంటారట. ఆఫీస్ అవర్స్ అంటారు. ఆ హైదరాబాద్ పిల్ల మొదటి వారం నుంచే వెళ్ళి అడుగుతోంది. 58 ఎందుకొచ్చిందో కూడా వెళ్ళి అడిగింది, ఇంకోసారి ఏం సరిచేసుకోవాలో రాసుకొచ్చింది. అక్కకు 54 ఎందుకొచ్చిందో తెలియదు. అడగొచ్చని కూడా తెలియదు.

తేడా ఇక్కడుంది. ఐబీలో పిల్లలు పన్నెండు అయ్యేలోపే ఒక విషయం తామే ఎంచుకుని నాలుగు వేల పదాల దాకా వ్యాసం రాయాలి. ఎక్కడెక్కడ చదివావో చూపించాలి. ఎందుకు అలా అనుకుంటున్నావో టీచరుకు చెప్పాలి. అంటే ఆ పిల్ల పన్నెండేళ్ళు అడగటం నేర్చుకుంది. మనం పన్నెండేళ్ళు అడక్కుండా ఉండటం నేర్చుకున్నాం. సారు వస్తే లేచి నిలబడటం, తల దించుకోవడం, అన్నంలో పురుగుంటే తీసి పక్కన పెట్టి తినేయడం. అడిగితే "నీకొక్కదానికే వచ్చిందా" అంటారని భయం. ఎదురు చెప్పని పిల్లే మంచి పిల్ల.

ఇది హాస్టల్ ఒక్కటే నేర్పింది కాదు. ఇంటి నుంచే తెచ్చుకున్నాం. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో వచ్చింది, 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. మన యానాదుల్లో కొందరిని, మన ఎరుకల అన్నదమ్ములను ఆ చట్టం కింద పెట్టారు. పుట్టడమే నేరమన్నట్టు పోలీసులకు హాజరు చెప్పుకోవాలి. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 1952 నాటికి దేశమంతటా రద్దయింది. చట్టం పోయినా భయం పోలేదు. పేరు అడిగితే చెప్పకుండా పక్కకు తప్పుకునే తాతలను మేము చూశాం. గొంతు వినపడకుండా ఉంటేనే బతుకుతాం అని వాళ్ళకు అనుభవం నేర్పింది. ఆ జాగ్రత్త వాళ్ళను కాపాడింది. సెమినార్ గదిలో అదే మనల్ని ముంచుతుంది.

అక్క నోరు విప్పింది ఎలకల దగ్గర.

ఆ వారం పాఠం లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు గురించి. ఎలకల మూత్రం కలిసిన నీళ్ళలో, బురదలో తిరిగితే, కాళ్ళ మీద చిన్న చిన్న గాయాల్లోంచి ఒంట్లోకి వస్తుంది. జ్వరం, ఒళ్ళు నొప్పులు, ముదిరితే కామెర్లు, కిడ్నీలు దెబ్బతినడం. ఎవరెవరికి ప్రమాదమో తెర మీద వేశారు: వరి రైతులు, మురుగు కాలువల్లో పనిచేసేవాళ్ళు, ఎలకలు పట్టేవాళ్ళు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో వరి చేను గట్టు చూసినవాళ్ళు అక్క తప్ప ఇంకొకరు లేరు. "వాళ్ళు చేతులకు తొడుగులు ఎందుకు వేసుకోరు?" అని ఎవరో అడిగారు. అప్పుడు అక్క మాట్లాడింది. గట్టు మీద కొత్త మట్టి చూసి కన్నం ఎలా గుర్తుపడతారో, కుండలో గడ్డి రాజేసి పొగ ఎలా ఊదుతారో, తాటి బద్దల బుట్ట ఎక్కడ పెడతారో, కన్నం తవ్వితే దొరికే వడ్లు ఇంటికి ఎలా తెచ్చుకుంటారో, తొడుగు వేసుకుంటే వేళ్ళకు తడిమిన తెలివి ఎందుకు పోతుందో, ఎలక్కి ఇంత అని రైతు ఇచ్చే డబ్బులో తొడుగు ఎందుకు కొనలేరో చెప్పింది. వచ్చీరాని ఇంగ్లీషే. ఎవరూ నవ్వలేదు. అందరూ రాసుకున్నారు.

తర్వాత ఏదో అద్భుతం జరిగిపోయిందని అనుకోకండి. అదే విషయం మీద వ్యాసం రాస్తే మళ్ళీ 55 వచ్చింది. ఈసారి అక్క వెళ్ళి అడిగింది. "నువ్వు చెప్పినదానికి ఆధారం ఏది?" అన్నారు. "మా నాన్న" అంది అక్క. "మీ నాన్నకు తెలిసింది ఎక్కడైనా రాసి ఉందా?" ఎక్కడా లేదు. "అయితే పద్ధతి ప్రకారం నువ్వే సేకరించి రాయి" అన్నారు. ఇప్పుడు డిసర్టేషన్‌కు అదే తీసుకుంది.

దానికోసం పోయిన నెల మా నాన్నలతో, మా పెదనాన్నలతో ఫోన్లో మాట్లాడింది. మాట్లాడే ముందు యూనివర్సిటీ వాళ్ళ ఒప్పుకోలు పత్రం ఒకటి తెలుగులో రాయించి మాకు పంపింది. మేము ప్రింట్ తీయించుకుని వెళ్ళి చదివి వినిపించాలి. అందులో ఉన్నది ఇది: మీకు ఇష్టమైతేనే చెప్పండి, ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకపోవచ్చు, మధ్యలో మానుకోవచ్చు, ఎందుకు మానుకున్నారో చెప్పక్కర్లేదు. మాలో ఒకళ్ళ నాన్న రెండుసార్లు చదివించుకున్నాడు. "వేలిముద్ర వేస్తే ఏం పోద్ది?" అని మొదట అడిగాడు. తర్వాత, "వద్దంటే ఊరుకుంటారా? నిజంగానా?" అన్నాడు. యాభై ఏళ్ళ మనిషి. చెరువు యజమాని దగ్గర, ఆసుపత్రిలో, ఆఫీసులో ఎన్నో కాగితాల మీద వేలిముద్ర వేశాడు. వద్దనే హక్కు నీకుందని చెప్పిన కాగితం ఇదే మొదటిదట. వద్దనలేదు. గంటసేపు చెప్పాడు.

కష్టాలు కూడా రాయాలి, లేకపోతే అబద్ధం రాసినట్టు అవుతుంది. ఎండు చేపలు దొరికాయని సంబరపడి, బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లో కొని తెచ్చి వేయిస్తే పొగకు ఇంట్లో అలారం మోగింది, అందరూ చలిలో రోడ్డు మీదకు వచ్చారు. వాసన అని ముఖాలు చిట్లించారు, ఆ హైదరాబాద్ పిల్ల కూడా. అప్పటి నుంచి అక్క అందరూ క్లాసులకు వెళ్ళిన టైములో వండుకుంటుంది. రావాల్సిన డబ్బు ఒక విడత రెండు నెలలు ఆలస్యమైంది. అన్నం, పప్పు, గుడ్డు మీద గడిపింది, మెస్ అలవాటు అక్కడ పనికొచ్చింది. అద్దె కట్టాల్సిన రోజు 200 పౌండ్లు తక్కువైతే ఇచ్చింది ఆ పిల్లే. ఎవరికీ చెప్పలేదు. మనిషి అన్నాక అన్నీ ఉంటాయి.

ఫిబ్రవరిలో అక్క వాళ్ళ నాయనమ్మ పోయింది. టికెట్ డబ్బులు లేవు, రావడానికి కుదరలేదు. వీడియో కాల్‌లో చూసింది. ఆ ఆదివారం ఫోన్ చేసింది కానీ ఏమీ మాట్లాడలేదు. మేమూ ఏం మాట్లాడలేదు. అలాగే కాసేపు ఉండి పెట్టేశాం.

మాలో ఒకమ్మాయి మాస్టర్స్‌కు బయటి దేశానికి ప్రయత్నిస్తానంటోంది. వాళ్ళ నాన్న చెరువు యజమాని దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఉన్నాడు, అది తీరేదాకా అక్కడి నుంచి కదలడానికి లేదు. ఇంకా ఇద్దరు తమ్ముళ్ళు. డిగ్రీ అవగానే ఏదో ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుందని వాళ్ళమ్మ ఆశ. "అంత దూరం పోతే మాకేమన్నా అయితే నువ్వు రాలేవు కదమ్మా" అంది. దానికి మా నలుగురి దగ్గరా జవాబు లేదు. అక్కను అడిగితే, "నా దగ్గరా లేదే" అంది. అయినా దరఖాస్తు పెట్టాలనే అనుకున్నాం. వస్తుందో రాదో తర్వాత సంగతి. పెట్టకుండానే రాదని మేమే తేల్చేసుకోవడం మాత్రం మానేద్దాం అనుకున్నాం.

ఇప్పుడు పనికొచ్చే వివరాలు.

కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నుంచి ఉంది. దేశం మొత్తానికి ఏటా 20 మందికే. అందులో 17 ఎస్టీలకు, 3 పీవీటీజీ తెగలకు. చెంచు, కొండరెడ్డి, కొండ సవర లాంటి తెగల పిల్లలు ఆ మూడింటికి గట్టిగా ప్రయత్నించాలి. మన యానాదులు ఆ జాబితాలో లేరు, మనం 17లోనే పోటీ పడాలి. 30 శాతం అమ్మాయిలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షలు దాటకూడదు, వయసు 35 లోపు ఉండాలి. మాస్టర్స్, పీహెచ్‌డీ, ఆ పైన చదువులకే ఇస్తారు, డిగ్రీకి ఇవ్వరు. రాష్ట్రాల పథకాలు వేరే ఉన్నాయి. తెలంగాణలో ఎస్టీ పిల్లలకు 20 లక్షల దాకా ఇచ్చే పథకం ఉంది. మన దగ్గర ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు, రూల్సు మారుతున్నాయి. అందుకే ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాది చూసుకోండి, పాత వాట్సాప్ మెసేజ్‌లు నమ్మకండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కన్సల్టెన్సీలోనూ వదిలి రావద్దు. జిరాక్సులు చాలు.

కాగితాలు ఇప్పుడే సరిచూసుకోండి. 1977 ఉప్పెనకు మా దివిసీమలో గుడిసెలే కొట్టుకుపోయాయి, తాతల నాటి కాగితం అని మా ఇళ్ళల్లో ఏదీ లేదు. మాకున్న పుట్టిన తేదీలు కూడా బళ్ళో చేర్చిన మాష్టారు రాసినవే. మా గదిలో నలుగురిలో ముగ్గురం జూన్‌లోనే పుట్టాం! టెన్త్ సర్టిఫికెట్, ఆధార్, కుల ధ్రువీకరణ మూడింట్లో పేరు, ఇంటిపేరు, తేదీ ఒకేలా ఉన్నాయా చూడండి. ఎస్టీ జాబితాలో మన కులం పేరు ఇంగ్లీషులో 'వై' తర్వాత 'ఈ' అక్షరంతో ఉంటుంది, మన సర్టిఫికెట్లలో చాలామందికి 'వై' తర్వాత 'ఏ' ఉంటుంది. తేడా ఉంటే ఇప్పుడే అడిగి తెలుసుకోండి. పాస్‌పోర్టుకు మామూలు ఫీజు 1,500 రూపాయలు. 2023 అక్టోబర్ 1 కంటే ముందు పుట్టినవాళ్ళకు బర్త్ సర్టిఫికెటే కావాలని లేదు, టెన్త్ సర్టిఫికెట్ సరిపోతుంది. మేము నలుగురం మెస్ బిల్లు మిగిలిన డబ్బు, పండక్కి ఇచ్చిన డబ్బు కలిపి ముందు ఒకరికి తీయిస్తున్నాం. తర్వాత ఒక్కొక్కరికి.

కాగితాలకంటే పెద్ద పని ఒకటుంది. దానికి డబ్బు అక్కర్లేదు. మా గదిలో ఒక రూలు పెట్టుకున్నాం: ప్రతి ఒక్కరం రోజుకు ఒక ప్రశ్న బయట అడగాలి. క్లాసులో, లైబ్రరీలో, బ్యాంకులో, బస్టాండులో, ఎక్కడైనా సరే. రాత్రి వచ్చి ఏం అడిగామో చెప్పాలి. మొదటి వారం ఇద్దరం అసలు అడగలేకపోయాం. ఒకమ్మాయి బస్సు ఎన్నింటికని అడిగి వచ్చి, అదీ లెక్కే అంది. లెక్కే అన్నాం. ఇప్పుడు మార్కులు ఎందుకు తగ్గాయని లెక్చరర్ గారినే అడుగుతోంది. ఒకాయన విసుక్కున్నారు. ఇంకొకరు కూర్చోబెట్టి పేపరు తీసి చూపించారు.

మన ఆదివాసీల్లో బయటి దేశం వెళ్ళి చదివిన మొదటి తరంలో జైపాల్ సింగ్ ముండా గారు ఉన్నారు. రాంచీ దగ్గర ముండా పల్లె నుంచి మిషన్ స్కూలుకు వెళ్ళారు. ఆ కాలంలో మన పిల్లలకు ఇంటర్నేషనల్ స్కూల్ అంటే అదే. అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు మన దేశ హాకీ జట్టు కెప్టెన్. ఆయన్ను మనం గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం 1946 డిసెంబర్ కోసం. రాజ్యాంగ సభలో లేచి నిలబడి, తాను జంగ్లీనని గర్వంగా చెప్పుకుని, ఆదివాసీలకు ప్రజాస్వామ్యం మీరు నేర్పక్కర్లేదని పెద్దపెద్ద వాళ్ళ ముందే అన్నారు. అంత దూరం వెళ్ళి చదివిన చదువు ఆ రోజు మనందరి కోసం మాట్లాడింది.

విదేశం వెళ్ళినా వెళ్ళకపోయినా మనకు కావాల్సింది ఆ గొంతే. మన దగ్గర ఓర్పు ఉంది, సర్దుకుపోవడం ఉంది, కొంచెంతో బతకడం ఉంది. ఇవి లక్షల ఫీజు కట్టినా ఏ స్కూల్లోనూ రావు. అడగటం ఒక్కటి చేర్చుకుందాం.

కింద కామెంట్లలో ఎవరికి ఏ సర్టిఫికెట్‌లో ఇబ్బంది ఉందో, ఏ కోర్సు చేయాలనుందో రాయండి. మాకు తెలిసింది చెప్తాం, తెలియనిది అక్కను అడుగుతాం. సిగ్గుపడొద్దు. ఈ రోజు మీరు బయట అడగాల్సిన ప్రశ్న ఇక్కడ అడిగినా లెక్కలోకి తీసుకుంటాం.

జోహార్.
చల్లపల్లి హాస్టల్ నుంచి మేము నలుగురం